మోకాలి ఆపరేషన్ తర్వాత ఐస్ ఎట్లా పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి, షుగర్ ఉంటే ఏం చూసుకోవాలి

చెల్లెమ్మా, మీరు రాసింది మొత్తం చదివినా. అమ్మకి 62 ఏళ్లు, కుడి మోకాలికి రీప్లేస్‌మెంట్ అయ్యి ఆరో రోజు, ఇంటికి తెచ్చుకున్నారు, షుగర్ 15 ఏళ్లుగా ఉండాది. హాస్పిటల్లో ఐస్ పెట్టుకోమన్నారు గానీ ఎట్లా పెట్టాలో చెప్పలేదు, మీరు ఫ్రీజర్లోంచి జెల్ ప్యాక్ తీసి పెడితే చర్మం ఎర్రగా అయిపోయి భయపడి ఆపేసినారు, ఈలోపల పుత్తూరు నుంచి పెద్దమ్మ వచ్చి ఐస్ ఏందే వాతం పట్టేస్తుంది వేడినీళ్ల కాపడం పెట్టండి అంటా ఉంది, మెడికల్ షాపు అబ్బాయేమో మోకాలి చుట్టూ ఐస్ నీళ్లు తిప్పే మిషన్ అద్దెకి తీసుకోమంటా ఉండాడు. ఇంతే కదా, చివర్లో తిరుమల కొండ మెట్ల సంగతి కూడా అడిగినారు, అది చివర్లోనే చెప్తా.

ముందు పొట్టిగా చెప్పేస్తా. ఐస్ పెట్టండి, కాపడం ఇప్పుడు వద్దు, మిషన్ అక్కర్లేదు, షుగర్ ఉంది కాబట్టి టైము తగ్గించి చర్మం చూసుకుంటా పెట్టండి. మిగతాది తీరిగ్గా చదువుకోండి, పెద్దమ్మకి కూడా చదివి వినిపించండి.

నేను తిరుపతిలో ఫిజియోని, కీళ్ల ఆపరేషన్ అయినోళ్లని మళ్లీ నడిపించడమే శానా ఏళ్లుగా నా పని. ఎముకలు, కీళ్ల ఆపరేషన్లు చేసే బర్డ్ ఆసుపత్రి మన ఊర్లోనే ఉంది, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే, అందుకని మన పక్క మోకాలు మార్పించుకున్నోళ్లు ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు, సలహాలు చెప్పే వాళ్లకీ కొదవ లేదు. ఒకరు ఐస్ అంటారు ఒకరు కాపడం అంటారు ఇంకొకరు ఏదో నూనె అంటారు. ఎవరి మాట వినాలి అని కాకుండా అసలు ఐస్ దేనికి పెడతా ఉండాము అనేది తెలిస్తే సగం గొడవ దానంతటదే పోతుంది.

చాలామంది అనుకునేది ఏందంటే ఐస్ పెడితే లోపల పుండు తొందరగా మానుతుంది అని. అట్లా ఏం కాదు. ఐస్ మాన్పించదు, మానే పని ఒంటిదే. ఐస్ చేసేది ఒక్కటే, కాసేపు నొప్పి తగ్గించి ఆ కాసేపట్లో అమ్మ కాలు వంచడానికి, చాచడానికి వీలు చేస్తుంది. మోకాలి ఆపరేషన్లో ఎముకల చివర్లు కోసి కొత్త భాగాలు అమరుస్తారు, చుట్టూ పొర కోస్తారు, కాబట్టి వాపు రాక తప్పదు, మొదటి వారంలో అది బాగా ఎక్కువ. ఆ వాపుతో వచ్చే అసలు నష్టం చాలామందికి తెలీదు. కీలు లోపల నీరు నిండితే తొడ ముందు వైపు పెద్ద కండరానికి వెన్నుపాము నుంచి పోయే ఆర్డరే తగ్గిపోతుంది, మనిషి ఎంత బిగించాలని చూసినా కండరం పలకదు. అమ్మ కాలు నిటారుగా లేపలేకపోతా ఉంది, బలం పోయింది అని రాసినారు చూడండి, అది బలం పోవడం కాదు, వాపు వల్ల కండరం మూగబోయింది. చల్లదనం తగిలితే నొప్పి మోసే నరాలు నెమ్మదిస్తాయి, ఆ కండరం కూడా కాసేపు రవంత బాగా పలుకుతుంది. ఆ కాసేపు ఉపయోగించుకుంటే ఐస్ పనికొచ్చినట్టు, ఐస్ పెట్టి టీవీ చూస్తా పడుకుని తర్వాత ఎక్సర్సైజ్ చేయకపోతే దానివల్ల వచ్చే లాభం శానా తక్కువ.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే పరిశోధనల్లో కూడా ఐస్‌కి మరీ గొప్ప మార్కులేం రాలేదు. మోకాలు మార్చిన వాళ్ల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి తూచి చూసే సంస్థ) 2012లో ఒకసారి, 2023లో మళ్లీ ఒకసారి చూసినారు, నొప్పి కొంచెం తగ్గుతుంది, మొదటి రోజుల్లో వంపు కొంచెం మెరుగ్గా ఉంటుంది, కానీ తేడా చిన్నదే, ఆధారాలు కూడా అంత గట్టివి కాదు అని తేలింది. అయితే ఎందుకు పెట్టమంటా ఉండానంటే ఖర్చు లేదు, జాగ్రత్తగా పెడితే హాని లేదు, నొప్పి మాత్రలు రవంత తగ్గినా ఈ వయసులో కిడ్నీలకి, కడుపుకి మంచిదే కదా. ఇంకోటి, యూట్యూబ్‌లో ఐస్ పెడితే గాయం మానడం ఆలస్యం అవుతుంది అని వీడియోలు తిరుగుతా ఉంటాయి, మీ తమ్ముడు పంపింది కూడా అదే అయి ఉంటుంది. దాని వెనక కథ ఏందంటే 1978లో అమెరికాలో గేబ్ మిర్కిన్ అనే డాక్టరు ఆటల్లో దెబ్బ తగిలితే విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అని నాలుగు ముక్కల్లో సూత్రం చెప్పినాడు, అది ప్రపంచమంతా పాకింది, శానా ఏళ్ల తర్వాత ఆయనే ఐస్ మానడాన్ని ఆలస్యం చేయొచ్చు అన్నాడు. అది కండరం పట్టేసిన, మడమ బెణికిన కుర్రోళ్ల సంగతి. మీ అమ్మది అది కాదు. ఇక్కడ భయం పుండు రెండు రోజులు ఆలస్యంగా మానుతుందని కాదు, నొప్పికి భయపడి కాలు వంచకుండా పెట్టుకుంటే కీలు బిగుసుకుపోతుందని.

ఇప్పుడు ఆ ఎరుపు సంగతి. మామూలు ఐస్ కరుగుతా ఉన్నంతసేపు దాని చలి సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అంతకంటే కిందకి పోదు. కానీ ఇంట్లో ఫ్రీజర్ లోపల సున్నాకి కింద 18 డిగ్రీల దాకా ఉంటుంది, జెల్ ప్యాక్‌లో ఉండేది గడ్డ కట్టని పదార్థం కాబట్టి మెత్తగా ఉన్నా అంత చలీ దాంట్లోనే ఉంటుంది, చేత్తో పట్టుకుంటే మెత్తగా ఉంది కదా అని నేరుగా చర్మం మీద పెడితే ఐస్ కంటే ఎక్కువ కాలుస్తుంది. మీరు పెట్టింది అదే. గుడ్డ లేకుండా పెట్టినారా, పలచటి చున్నీ మీద పెట్టినారా రాయలేదు. ఐస్ తీసినాక చర్మం లేత ఎరుపుగా ఉండి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడి, అర గంటలో మామూలైపోతే అది మామూలే, భయం లేదు. తెల్లగా మైనం మాదిరి అయిపోయినా, నీలంగా మచ్చలు మచ్చలుగా వచ్చినా, గట్టిపడినా, బొబ్బ వచ్చినా అది ఐస్ బర్న్, ఆపేసి సర్జన్‌కి చూపించండి, ఎందుకంటే కుట్ల పక్కనే చర్మం పాడైతే అది చిన్న విషయం కాదు.

నేను ఇళ్లల్లో చెప్పేది ఇట్లా. జెల్ ప్యాక్ ఫ్రీజర్లోంచి తీసి అయిదు నిమిషాలు బయట పెట్టండి. పాత కాటన్ పంచె గానీ టవల్ గానీ మడత పెట్టి మోకాలి మీద వేసి దాని మీద ప్యాక్ పెట్టండి, పైన ఇంకో గుడ్డతో వదులుగా చుట్టండి, గట్టిగా కట్టకండి, ప్యాక్ మీద కాలు గానీ కాలి మీద బరువు గానీ వేయకండి. కుట్లు తీసేదాకా, అంటే మామూలుగా 10 నుంచి 14 రోజులు, డ్రెస్సింగ్ తడవకూడదు. ఐస్ పెడితే ప్యాక్ చుట్టూ చెమట పట్టినట్టు నీళ్లు వస్తాయి, మన తిరుపతి ఎండల్లో ఇంకా ఎక్కువ, కాబట్టి డ్రెస్సింగ్ పైన ఒక శుభ్రమైన ప్లాస్టిక్ కవర్ వేసి ఆ తర్వాత గుడ్డ వేసుకుంటే మేలు. వాటర్‌ప్రూఫ్ డ్రెస్సింగ్ వేసినా అంచులు లేచి ఉన్నాయేమో చూసుకోండి. పుండు పూర్తిగా మూసుకున్నాక కావాలంటే గుడ్డని నీళ్లలో తడిపి పిండి వేసుకోవచ్చు, తడి గుడ్డలో చలి బాగా దిగుతుంది, అప్పుడు టైము తగ్గించాలి. దూది కట్టు, క్రేప్ బ్యాండేజ్ మందంగా ఉంటే ఎంతసేపు పెట్టినా చలి లోపలికి దిగదు, అమ్మకి ఏం తెలీడం లేదంటే కారణం అదే అయి ఉండొచ్చు, అట్లని డ్రెస్సింగ్ విప్పేయకండి, డాక్టరు విప్పమన్నప్పుడే.

జెల్ ప్యాక్ రెండు ఉంటే మేలు, ఒకటి వాడతా ఉంటే ఇంకోటి ఫ్రీజర్లో చల్లబడతా ఉంటుంది, మళ్లీ చల్లబడడానికి కనీసం రెండు గంటలు పడుతుంది. లేకపోయినా పర్లేదు, ట్రేలో ఐస్ ముక్కలు కొట్టి, కొంచెం నీళ్లు పోసి, రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి గాలి తీసేసి గట్టిగా ముడేయండి, అది మోకాలి ఆకారానికి చక్కగా అతుక్కుంటుంది, నీళ్లున్నాయి కాబట్టి సున్నా కిందకి పోదు, నాకు జెల్ ప్యాక్ కంటే ఇదే ఇష్టం. బఠాణీ ప్యాకెట్ కూడా బాగా పని చేస్తుంది, దాన్ని వండుకోకండి అంతే. కొందరు ఖాళీ పాల కవర్లలో నీళ్లు పోసి గడ్డ కట్టిస్తారు, అది ఇటుక మాదిరి గట్టిగా అయిపోయి మోకాలి చిప్ప మీద ఒకే చోట ఆనుకుంటుంది, పగలగొట్టి ముక్కలు చేస్తే గానీ పనికిరాదు. మేలో కరెంటు పోతే చెరుకు రసం బండోళ్ల దగ్గర, చేపల మార్కెట్లో ఐస్ గడ్డ దొరుకుతుంది, తాగేదానికి కాదు కదా పర్లేదు, కానీ ఆ నీళ్లు కుట్ల దగ్గరకి ఒక్క చుక్క కూడా పోకూడదు, రెండు కవర్లు తప్పనిసరి. ఐస్‌లో ఉప్పు మాత్రం వేయకండి. ఎక్కువసేపు ఉంటుందని ఎవరో చెప్పినారని వేస్తా ఉంటారు, ఉప్పు వేస్తే ఐస్ సున్నాకి కింద 15, 20 డిగ్రీల దాకా పడిపోతుంది, కుల్ఫీ గడ్డ కట్టించేది అట్లానే, చర్మం కూడా అట్లానే గడ్డ కడుతుంది.

టైము. షుగర్ లేని వాళ్లకి 15 నుంచి 20 నిమిషాలు చెప్తాను, మీ అమ్మకి 10 నిమిషాలతో మొదలుపెట్టండి, చర్మం బాగుంటే 15 దాకా పోవచ్చు, అంతకి మించి వద్దు. మళ్లీ పెట్టాలంటే కనీసం రెండు గంటలు గ్యాప్ ఇవ్వండి. ఎక్కువసేపు పెడితే ఎక్కువ గుణం రాదు. నిద్రపోతా పెట్టుకోవడం మాత్రం అస్సలు వద్దు, ఫోన్లో టైమర్ పెట్టండి, మందుల వల్ల మత్తుగా ఉంటుంది, ఒక్క కునుకులో గంట అయిపోతుంది. పెట్టగానే చలిగా, తర్వాత రవంత మంటగా, తర్వాత సలుపుగా, చివరికి మొద్దుబారినట్టు, ఈ వరసలో తెలుస్తుంది, మొద్దుబారడం మొదలైతే తీసేయొచ్చు.

షుగర్ దగ్గర మాత్రం ఆగి చెప్పాలి. 15 ఏళ్ల షుగర్ అంటే కాళ్లలో స్పర్శ తగ్గి ఉండే అవకాశం ఎక్కువ, చలి తెలీదు, మంట తెలీదు, చర్మం కాలిపోతా ఉన్నా అమ్మ బాగానే ఉందమ్మా అంటుంది. దానికి తోడు ఆపరేషన్ అయిన కాలికి కుట్ల బయటి వైపు అరచేయంత చోట మొద్దుగా ఉంటుంది, అది అందరికీ ఉంటుంది, కోత పెట్టేటప్పుడు చర్మానికి పోయే చిన్న నరం కొమ్మ తెగుతుంది కాబట్టి, శానా మందిలో కొన్ని నెలలకి తగ్గుతుంది. అంటే అమ్మ చెప్పే మాట మీద ఆధారపడకూడదు, మీ కళ్లతోనే చూడాలి. దూది తీసుకుని అమ్మ కళ్లు మూయించి పాదం మీద, పిక్క మీద, మోకాలి పైన, పక్కల మెల్లగా తాకించండి, యాడ తగిలిందో చెప్పమనండి. తొడ మీద చెప్పి పాదం మీద చెప్పలేకపోతే స్పర్శ తగ్గినట్టే. అప్పుడు అయిదు నిమిషాలకి ఒకసారి గుడ్డ ఎత్తి చర్మం చూడండి, గుడ్డ ఇంకో మడత వేయండి, మనిషి పక్కన లేకుండా పెట్టకండి. కాలి వేళ్లు ఎప్పుడూ చల్లగా నల్లగా ఉండేవాళ్లు, నడిస్తే పిక్కలు పట్టేసి ఆగిపోయేవాళ్లు, రక్తం సరిగా పారడం లేదని డాక్టరు చెప్పినవాళ్లు, చలికి వేళ్లు తెల్లబడిపోయేవాళ్లు, చల్లనీళ్లు తగిల్తే దద్దుర్లు లేచేవాళ్లు, వీళ్లెవరూ సర్జన్‌ని అడక్కుండా ఐస్ పెట్టకూడదు. ఆపరేషన్ రోజు నరానికి బ్లాక్, అంటే కాలు మొద్దుబారేట్టు నరం పక్కన ఇచ్చే ఇంజెక్షన్, ఇచ్చి ఉంటే ఆ మొద్దుదనం పోయేదాకా కూడా జాగ్రత్త, మీ అమ్మకి ఆరు రోజులైంది కాబట్టి అది అయిపోయి ఉంటుంది.

ఇంకో చోటు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. మోకాలి బయటి వైపు, కీలుకి కొంచెం కింద చిన్న ఎముక గుబ్బ తగుల్తుంది, దాని వెనక నుంచి ఒక నరం చర్మం కిందే పోతుంది, పాదాన్ని పైకి ఎత్తించేది అదే. ఐస్ గడ్డ అక్కడ గట్టిగా కట్టి ఎక్కువసేపు వదిలేస్తే ఆ నరం దెబ్బతిని పాదం వేలాడిపోతుంది, అరుదుగా అయినా అట్లాంటి కేసులు ఉండాయి. కాబట్టి ప్యాక్‌ని మోకాలి ముందు వైపు, లోపలి వైపు, కావాలంటే పైన తొడ చివర పెట్టండి, బయటి గుబ్బ మీద బిగించి కట్టకండి. పాదం పైకి ఎత్తమని రోజూ ఒకసారి అడగండి, ఎత్తగలిగితే సరే.

దిండు గురించి గట్టిగా చెప్పాలి, ఐస్ కంటే ఇదే ముఖ్యం అనుకోండి. ఐస్ పెట్టేటప్పుడు పది ఇళ్లల్లో తొమ్మిది ఇళ్లు మోకాలి కింద దిండు పెడతారు, అమ్మకి హాయిగా ఉంటుంది, నొప్పి కూడా తగ్గుతుంది, నిజమే. కానీ మోకాలు కొంచెం వంగిన పొజిషన్లో గంటలు గంటలు ఉంటే వెనక వైపు పొర కురచబడి కాలు పూర్తిగా చాపలేకుండా అయిపోతుంది, తర్వాత జీవితాంతం రవంత వంకర కాలితోనే నడవాలి, మంచి ఆపరేషన్ చేసినా గుణం తక్కువ. కాబట్టి దిండు మోకాలి కింద వద్దు, మడమ కింద, పిక్క కింద పెట్టండి, మోకాలు గాల్లో నిటారుగా ఉండాలి, పైన ఐస్. పడుకోబెట్టి కాలు గుండె కంటే ఎత్తులో ఉండేట్టు చూస్తే వాపు దిగుతుంది, కుర్చీలో కూర్చోబెట్టి ముందు స్టూల్ మీద కాలు పెడితే అది ఎత్తడం కిందకి రాదు. ఆ ఐస్ పెట్టిన 10, 15 నిమిషాల్లో పాదం పైకి కిందకి ఆడిస్తా ఉండమనండి, తొడ బిగించి మోకాలిని మంచానికి నొక్కి అయిదు లెక్క పెట్టి వదలమనండి.

రోజు ఎట్లా నడపాలంటే, నొప్పి మాత్ర వేసుకున్న అర గంట, ముక్కాల్ గంటకి ఎక్సర్సైజ్ పెట్టుకోండి, అప్పుడే మందు బాగా పని చేస్తా ఉంటుంది. మడమ మంచం మీద జారుస్తా మోకాలు వంచడం, చాచడం, కాలు నిటారుగా లేపడం, వాకర్‌తో నాలుగడుగులు, ఇవన్నీ అయ్యాక కాలు ఎత్తి పెట్టి ఐస్. నొప్పి మరీ ఎక్కువ ఉండి వంచనివ్వకపోతే ముందు కూడా ఒక 10 నిమిషాలు పెట్టొచ్చు, కానీ ఐస్ తీసిన వెంటనే లేపి నడిపించకండి, మొద్దుగా ఉన్న కాలికి నేల సరిగా తెలీదు, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి తర్వాత వాకర్ ఇవ్వండి. రోజుకి నాలుగైదు సార్లు చాలు. మంచం మీద 90 డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చుంటే పాదం సరిగ్గా మోకాలి కింద ఉండేంత వంపు, రెండు వారాలకి రావాలని నేను చూస్తాను, ఆరు వారాలకి 110 దాటితే సంతోషం, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. వాపు తగ్గుతా ఉందో లేదో కంటితో తేల్చుకోలేరు, టైలర్ టేపు తీసుకుని రోజూ పొద్దున లేవగానే మోకాలి చిప్ప మధ్యలో చుట్టుకొలత చూసి గోడ మీద టీటీడీ క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసిపెట్టండి. సాయంత్రం పెరిగి పొద్దునకి తగ్గితే ఎక్కువ తిరిగినట్టు లెక్క, పొద్దునకి కూడా తగ్గకుండా రోజురోజుకీ పెరిగితే ఫోన్ చేయండి.

పెద్దమ్మ మాటకి వస్తా. పెద్దమ్మ చెడ్డ ఉద్దేశంతో చెప్పడం లేదు, ఆమె వయసులో అరిగిపోయిన మోకాళ్లకి వేడి కాపడం హాయిగానే ఉంటుంది, పొద్దున పూట పట్టేసే వాటికి నేను కూడా చెప్తాను. కానీ ఇప్పుడు అమ్మ మోకాలు చేత్తో తాకితే కాలిపోతా ఉంటుంది చూడండి, లోపల అంతా ఎర్రగా మండతా ఉంది, దాని మీద వేడి పెడితే పొయ్యిలో ఇంకో కట్టె పెట్టినట్టే, రక్తం ఇంకా వచ్చి వాపు ఇంకా పెరుగుతుంది. ఆ వెచ్చదనం మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా ఉంటుంది, జ్వరం లేకుండా, ఎరుపు పాకకుండా ఉంటే అది మామూలే. పుండు పూర్తిగా మానినాక, వాపు దిగినాక, ఆరేడు వారాల తర్వాత సర్జన్ సరే అంటే తొడ వెనక కండరాలకి ఎక్సర్సైజ్‌కి ముందు వేడి పెట్టుకోవచ్చు, అప్పుడు పెద్దమ్మని పిలవండి. నూనె మర్దనా కుట్ల దగ్గర వద్దు, పిక్కల్ని గట్టిగా పిసకడం అస్సలు వద్దు, ఆపరేషన్ తర్వాత పిక్క రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పుత్తూరు కట్టు ఎముకలు విరిగినోళ్లకి తరతరాలుగా కడతా ఉండారు, అది వేరే సంగతి, ఆపరేషన్ చేసి లోపల కీలు అమర్చిన మోకాలి మీద, పచ్చి కుట్ల మీద ఏ ఆకు పసరూ ఏ కట్టూ వేయకూడదు, అక్కడ ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ కీలు మొత్తం తీయాల్సి రావచ్చు. చల్లగా ఉండే బామ్ పూసి దాని మీద ఐస్ పెట్టేవాళ్లు కూడా ఉండారు, బామ్‌లో మెంథాల్ ఉంటుంది, అది చల్లగా ఉన్నట్టు అనిపిస్తుందే గానీ చర్మాన్ని చల్లబరచదు, పైగా ఐస్‌తో కలిపితే చర్మం మండిపోతుంది, రెండూ ఒకేసారి వద్దు, కుట్లు మానేదాకా బామే వద్దు.

వాతం పట్టేస్తుంది, లోపల ఇనుము ఉంది చలికి బిగుసుకుంటుంది అని కూడా అంటారు. లోపల పెట్టేది ఇనుము కాదు, ఎక్కువగా కోబాల్ట్ క్రోమియం, టైటానియం లాంటి లోహాలు, మధ్యలో గట్టి ప్లాస్టిక్, వాటికి తుప్పూ పట్టదు, చలికి బిగుసుకోవడమూ ఉండదు, ఐస్ చలి అంత లోతుకి దిగేదే తక్కువ. లోహం ఉన్నోళ్లు నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇంకో దానితో, ఫిజియో సెంటర్లో షార్ట్ వేవ్ అని ఒక హీట్ మిషన్ ఉంటుంది, అది లోహం ఉన్న చోట పెట్టకూడదు, కాబట్టి ఎక్కడికి పోయినా ముందే మోకాలు మార్పించినాము అని చెప్పండి.

మిషన్ సంగతి. ఐస్ నీళ్లు మోటార్‌తో మోకాలి చుట్టూ తిప్పే మిషన్లు ఉంటాయి, బాగానే పని చేస్తాయి, మళ్లీ మళ్లీ ప్యాక్ మార్చే బాధ తప్పుతుంది. కానీ వాటికీ మామూలు ఐస్ ప్యాక్‌కీ ఫలితంలో పెద్ద తేడా కనపడదు. ఇంట్లో మీరున్నారు, ఫ్రిజ్ ఉంది, మిషన్ మీద పెట్టే దుడ్లు మూడు వారాలు ఫిజియోని ఇంటికి పిలిపించుకోవడానికి పెట్టండి, కాలు వంగేది దానితోనే. పిల్లలు దూరంగా ఉండి ముసలోళ్లు ఇద్దరే ఉన్న ఇంట్లో అయితే మిషన్ గురించి ఆలోచించొచ్చు, అయితే షుగర్ ఉన్నోళ్లకి అది ఇంకా ప్రమాదం, ఆన్ చేసి వదిలేస్తారు కాబట్టి.

అమ్మ తొడ కింద, పిక్క మీద, చీలమండ దాకా నల్లగా, ఊదా రంగుగా మరకలు దిగుతా ఉంటే కంగారు పడకండి, లోపలి రక్తం కిందకి జారడం అది, ఒకటి రెండు వారాల్లో పసుపు రంగుకి తిరిగి పోతుంది. ఐస్ వల్ల అయింది అనుకుంటారు, కాదు. కానీ పిక్క ఒక్క చోట గట్టిపడి నొక్కితే నొప్పి, ఒక్క కాలే అమాంతం ఉబ్బడం, జ్వరం 100.4 దాటడం, డ్రెస్సింగ్ నుంచి చీము, వాసన, ఎరుపు రోజురోజుకీ పాకడం, వీటిలో ఏది కనపడినా ఐస్ పెట్టి చూద్దాం అని కూర్చోకండి, అదే రోజు ఆపరేషన్ చేసిన చోటికి పోండి. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి, ఆలస్యం వద్దు.

ఎన్నాళ్లు పెట్టాలి అంటే మొదటి రెండు వారాలు రోజుకి నాలుగైదు సార్లు, తర్వాత ఎక్సర్సైజ్ అయ్యాక, ఎక్కువ నడిచిన రోజు సాయంత్రం, అట్లా మూడు నెలల దాకా అవసరాన్ని బట్టి. అమ్మే ఐస్ అడగడం మానేస్తుంది, అప్పుడు ఆపేయండి. తుంటి మార్పించుకున్న మీ బాబాయి గురించి కూడా అడిగినారు, తుంటి కీలు శానా లోతులో ఉంటుంది, ఐస్ పెడితే పైన కోత చుట్టూ నొప్పి తగ్గుతుందే తప్ప కీలు దాకా పోదు, పెట్టుకుంటే నష్టం లేదు.

ఇంక కొండ. మొక్కు ఉందని, నడిచే ఎక్కుతానంటా ఉందని రాసినారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388, శ్రీవారి మెట్టు దారి తక్కువే గానీ మెట్లు నిటారుగా ఉంటాయి, కొత్త మోకాలికి అలిపిరే నయం. ఎప్పుడు అనేది సర్జన్ చెప్పాలి, నేనైతే ఇంట్లో మెట్లు చెయ్యి పట్టుకోకుండా ఎక్కి దిగేదాకా, పొద్దున చూస్తే వాపు లేకుండా ఉండేదాకా ఆ మాటే ఎత్తొద్దంటాను, అది నెలల పని, వారాల పని కాదు. ఎక్కేది ఒక్కటే చేయనివ్వండి, మోకాలి మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడు, దిగేటప్పుడు బస్సులో రండి. ఈలోపల స్వామిని చూడాలంటే బస్సులోనే పోయి రండి, అప్పుడు వాకర్‌తో పాటు గుడ్డలో చుట్టిన రెండు జెల్ ప్యాకులు ఒక చిన్న థర్మోకోల్ డబ్బాలో పెట్టుకుని పోండి, క్యూలో నిలబడి వచ్చినాక రూములో కాలు ఎత్తి పెట్టి 10 నిమిషాలు వేయండి.